సారు దాటేసిన పాఠం

(హాస్టలు, గురుకుల పిల్లల తల్లిదండ్రులతో వాడలో జరిగిన కూటమిలో మా సంఘం తరఫున చెప్పిన మాటలివి. చదువుకోడానికి వీలుగా కొంచెం కుదించాం.)

 

ఈ కూటమి పెట్టడానికి మాకు నెల రోజులు పట్టింది. శ్మశానం జాగా గురించి మాట్లాడమంటే మాకు మైకు కూడా అక్కర్లేదు. కూలి రేటు గురించి, హోటల్లో రెండు గ్లాసుల గురించి ఎన్నోసార్లు ఈ అరుగు మీదే గొంతు చించుకున్నాం. కానీ మన పిల్లల ఒంటి గురించి మాట్లాడాలనేసరికి మాకూ నోరు పెగల్లేదు. మా సంఘంలోనే కొందరు 'ఇది మనకెందుకు, ఆడవాళ్లు చూసుకుంటారు' అన్నారు. ఆ మాట అన్నవాళ్లంతా మగవాళ్లమే.

ఎందుకు మాట్లాడాల్సి వచ్చిందో మీకు తెలుసు. మొన్న ఎండాకాలం సెలవులకు హాస్టలు నుంచి ఇంటికొచ్చిన మన పిల్ల ఒకతె కడుపునొప్పి అంది. పేరు మేం చెప్పం, మీరూ చెప్పొద్దు. ఆర్.ఎం.పి. దగ్గరికి తీసుకుపోతే గ్యాసని మాత్రలిచ్చాడు. చివరికి పెద్దాసుపత్రికి పోతే అయిదో నెలని తేలింది. బడివాళ్లు టీసీ చేతిలో పెట్టారు. వాడలో పంచాయితీ కూర్చుంది. ఎవడని అడిగారు, ఎన్ని వేలని అడిగారు. దాచేదేం లేదు, ఆ పంచాయితీలో మేమూ కూర్చున్నాం. అది మా తప్పు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల విషయంలో డబ్బులు మాట్లాడి సర్దుకోడానికి ఎవరికీ హక్కు లేదు. ఆలస్యంగానైనా తెలుసుకుని కేసు పెట్టించాం.

ఆ తర్వాత మా సంఘం అక్కలు ఆ పిల్ల దగ్గరికి పోయి కూర్చున్నారు. ఆమె చెప్పింది ఒకటే మాట. 'అట్ల అయితదని నాకు తెల్వదక్కా.'

తొమ్మిదో తరగతి పిల్ల. సైన్సులో నూటికి 80 మార్కులు తెచ్చుకున్న పిల్ల. మొక్కల్లో పరాగ సంపర్కం అడగండి, బొమ్మ గీసి చూపిస్తుంది. తన కడుపులో ఏం జరుగుతుందో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. అమ్మ చెప్పలేదు, టీచరమ్మ చెప్పలేదు, సంఘం పెట్టుకుని ఊరేగే మేమూ చెప్పలేదు.

అందుకే ఇవాళ అడుగుతున్నాం. ఎదిగే పిల్లలకు ఈ సంగతులు బళ్లో చెప్పాలా, వద్దా? గర్భం రాకుండా వాడే సాధనాలు బళ్లో ఇవ్వాలా, వద్దా? ఈ రెండూ ఒకటే ప్రశ్న అనుకుని చాలామంది గొడవ పడుతున్నారు. మేం రెంటినీ విడదీసి మాట్లాడతాం.

మొదటిది. చెప్పాలా? చెప్పాలి. అందులో మాకు అనుమానం లేదు.

పాఠం పుస్తకంలో ఇప్పటికే ఉంది. ఎనిమిదో తరగతిలో కౌమారదశ పాఠం ఉంది. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. పాఠం ఉంది గానీ చెప్పే నోరు లేదు. ఆ పేజీ రాగానే సారు 'ఇది ఇంటికాడ చదువుకోండ్రి' అని పది పేజీలు ఒక్కసారే తిప్పేస్తాడు. మగపిల్లలు నవ్వుతారు, ఆడపిల్లలు తల దించుకుంటారు. ఇంటికాడ ఎవరు చదివిస్తారు? అక్షరం రాని తల్లి చదివిస్తదా? చివరికి ఆ పాఠం పిల్లలకు సెల్‌ఫోను చెబుతోంది, అదీ తప్పుడు పాఠం, బలవంతాన్ని మగతనమని చూపించే పాఠం. బడి నోరు మూసుకుంటే పిల్లలకు తెలియకుండా పోదు, తప్పుగా తెలుస్తుంది. అంతే తేడా.

కొందరు పెద్దలు 'ఇవన్నీ మన సంస్కృతి కాదు, పిల్లల ముందర మాట్లాడే మాటలు కావు' అంటున్నారు. పెద్దలారా, కోపం తెచ్చుకోకండి. ఆడపిల్ల పెద్దమనిషి అయితే మనం ఏం చేస్తున్నాం? టెంటు వేస్తున్నాం, ఫ్లెక్సీ కట్టి పిల్ల ఫొటో వేస్తున్నాం, మైకు పెట్టి ఊరందరికీ వినిపిస్తున్నాం, అప్పుచేసి భోజనాలు పెడుతున్నాం. ఆ పిల్లకు రుతుస్రావం మొదలైందని ఊరందరికీ చెబుతాం గానీ, రుతుస్రావం అంటే ఏంటో ఆ పిల్లకు చెప్పం. ఇదేం సంస్కృతి?

ఇంకోటి చూడండి. అంటు, ముట్టు, మైల. ఈ మూడు మాటలూ ఎక్కడివి? ఊరు మన మీద వేసిన మాటలివి. వీడు అంటరానివాడు, వీడు ముట్టుకుంటే మైల అన్నారు. ఆ మాటల మీదే మన తాతలు బావి దగ్గర దోసిలి పట్టి నిలబడ్డారు. ఇవాళ మన ఇంట్లో మన బిడ్డ నెలసరి అయితే అవే మాటలతో మూడు రోజులు గడప బయట కూర్చోబెడుతున్నాం. ఊరు మనకు చేసిందే మనం మన బిడ్డకు చేస్తున్నాం. మనువు ఊళ్లోనే ఉన్నాడనుకున్నాం. మన గడపలో కూడా పీట వేసుకుని కూర్చున్నాడు.

'మా అమ్మమ్మలకు ఎవరు చెప్పారు?' అని ఒక పెద్దాయన అడిగాడు. మంచి ప్రశ్న. ఊళ్లో దొరసానుల కాన్పులు చేసి బొడ్డు కోసిన చేతులు ఎవరివి? చాలా ఊళ్లలో అవి మన వాడల మంత్రసానులవి, చాకలి మంగలి అమ్మలవి. కాన్పు గురించి, కడుపు గురించి ఎరిగిన వాళ్లు మన అమ్మమ్మలే. ఆ ఎరుకను ఊరు వాడుకుని, చేసిన వాళ్లను మైల అని బయట నిలబెట్టింది. కాబట్టి ఇది మనకు పరాయి చదువు కాదు. కానీ అదే అమ్మమ్మలకు పధ్నాలుగేళ్లకే కాన్పులయ్యాయి, పుట్టినవాళ్లలో సగంమంది పోయారని వాళ్లే ఏడుస్తూ చెప్పేవాళ్లు. ఎరుక ఉండి కూడా తమ ఒంటి మీద తమకు మాట లేకపోవడం అంటే అదీ.

బాబాసాహెబ్ ఇంటి కథే తీసుకోండి. ఆయన తన తల్లికి పధ్నాలుగో సంతానం. ఆయన చిన్నప్పుడే ఆ తల్లి పోయింది. రమాబాయమ్మకు తొమ్మిదేళ్ల వయసులో పెళ్లి. అయిదుగురు పుడితే నలుగురు పసితనంలోనే పోయారు, మిగిలింది యశ్వంత్ ఒక్కడే. 1935 మే 27న ఆమె కూడా కన్నుమూసింది. అందుకే ఆయనకు ఈ సంగతి పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

బొంబాయిలో ఆర్.డి. కర్వే అనే ఆయన ఉండేవాడు. 1921లోనే సంతాన నిరోధానికి క్లినిక్ తెరిచాడు. 1927 నుంచి 'సమాజ స్వాస్థ్య' అనే మరాఠీ పత్రిక నడిపాడు. లైంగిక విషయాల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు అచ్చేసినందుకు ఆయన మీద అశ్లీలం కేసు పెట్టారు. 1934లో ఆ కేసు వాదించిన వకీలు ఎవరో తెలుసా? బాబాసాహెబ్ అంబేడ్కర్. ప్రశ్న అడిగితే జవాబు చెప్పడం అశ్లీలం ఎట్లా అవుతుందని నిలబడ్డాడు. కేసు ఓడిపోయారు, కర్వేకు జరిమానా పడింది. అయినా బాబాసాహెబ్ వదల్లేదు. 1938 నవంబర్ 10న బొంబాయి శాసనసభలో సంతాన నిరోధం సౌకర్యాలు ప్రజలకు సర్కారే కల్పించాలని పి.జె. రోహం చేత తీర్మానం పెట్టించాడు. సభ దాన్ని ఓడించింది. 1942 జూలైలో నాగపూర్‌లో మన ఆడవాళ్ల మహాసభకు వచ్చి, పెళ్లికి తొందరపడొద్దని, ఎక్కువమందిని కనొద్దని వాళ్లతోనే నేరుగా చెప్పాడు. మన వాడ వాడలో ఆయన బొమ్మ ఉంది. ఆయన చెప్పిన ఈ మాట మాత్రం ఏ బొమ్మ కిందా రాసుకోలేదు.

ఇప్పుడు సర్కార్ల సంగతి. 2005లో కేంద్రం బళ్లల్లో కౌమార విద్య కార్యక్రమం తెచ్చింది. 2007కల్లా మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, గుజరాత్ లాంటి రాష్ట్రాలు వద్దని ఆపేశాయి. 2009లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ బళ్లల్లో లైంగిక విద్య ఉండకూడదంది. ఆ కమిటీకి అధ్యక్షుడు మన నెల్లూరు జిల్లా మనిషి, వెంకయ్యనాయుడు గారు. పిల్లలకు మహనీయుల జీవితాలు చెప్పాలని, ఈ పాఠాలు కావాలంటే ఇంటర్‌లో బయాలజీలో పెట్టుకోవచ్చని సిఫారసు చేశారు.

ఇంటర్‌లో! అక్కలారా, ఇంటర్‌కు వచ్చేసరికి మన ఆడపిల్లలు ఎంతమంది బళ్లో మిగులుతున్నారు? సర్కారు వారి అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21ది, ఏం చెబుతోంది? 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో నూటికి 23 మంది. 15 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో అప్పటికే తల్లులైనవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 12 మందికి పైనే. తెలంగాణలో దాదాపు ఆరుగురు. వీళ్లలో ఎక్కువమంది దొంగచాటుగా తిరిగినవాళ్లు కాదు, మనమే పందిరేసి పెళ్లి చేసినవాళ్లు. 'చెబితే పిల్లలు చెడిపోతారు' అనే పెద్దలే పదహారేళ్ల పిల్లకు అక్షింతలు వేసి వస్తున్నారు. పెళ్లి చేయడానికి వయసు చాలింది గానీ, పెళ్లంటే ఏంటో చెప్పడానికి చాలలేదా?

చెబితే చెడిపోతారన్న మాట నిజం కూడా కాదు. స్వీడన్ దేశం 1955లోనే బళ్లల్లో ఈ చదువును తప్పనిసరి చేసింది. ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ యునెస్కో 2009లో అనేక దేశాల అధ్యయనాలను కూడేసి చూసింది. ఈ చదువు వల్ల పిల్లలు తొందరపడరని, కొన్నిచోట్ల ఇంకా ఆలస్యం చేస్తారని తేలింది. మన సుప్రీంకోర్టు కూడా 2024 సెప్టెంబర్‌లో ఒక పోక్సో కేసు తీర్పులో, లైంగిక విద్య మన విలువలకు విరుద్ధమన్న అపోహను వదలాలంది.

మన ఆడపిల్లలకు ఇంకో భయం ఉంది. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో పన్నెండు వేల మందికి పైగా పిల్లలను అడిగి ఒక అధ్యయనం అచ్చేసింది. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు తమకు జరిగిందని చెప్పినవాళ్లు నూటికి 53 మంది. అందులో మగపిల్లలు కూడా ఉన్నారు. చేసేవాళ్లు చాలావరకు తెలిసినవాళ్లే. ఒంటి భాగాలకు పేరే తెలియని పిల్ల తనకు ఏం జరిగిందో ఎవరికి, ఏ మాటల్లో చెప్పాలి? ఊరి పెత్తందార్లకు మన పిల్ల మీద చెయ్యి వేసే ధైర్యం ఎట్లా వచ్చింది? ఆమె చెప్పలేదన్న నమ్మకంతో వచ్చింది. జోగినిని చేసి వదిలిన పిల్లల్లో ఎక్కువమంది మన కులాల పిల్లలే. 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. మన పిల్ల ఎప్పుడు ఈడేరిందో దొరకు తెలిసేది, పూజారికి తెలిసేది. పిల్లకు మాత్రం తెలిసేది కాదు.

మగపిల్లలకు కూడా చెప్పాలి. వద్దంటే వద్దని అర్థమని, అది బెట్టు కాదని చెప్పాలి. చట్టం కూడా చెప్పాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్ల సరేనన్నా ఆ మాట చెల్లదు. 2019 సవరణ తర్వాత తక్కువలో తక్కువ పదేళ్ల జైలు, పదహారేళ్ల లోపు పిల్ల అయితే ఇరవై ఏళ్లు. ఈ చట్టం మన ఆడపిల్లలకు కావాలి, దాన్ని తీసెయ్యమని మేం అనం. కానీ పైకులం పిల్లను ప్రేమించిన మన పందొమ్మిదేళ్ల పిల్లగాడి మీద ఈ చట్టం ఎంత చురుగ్గా కదులుతుందో, మన పిల్లకు అన్యాయం జరిగితే స్టేషన్‌లో ఎంత నిద్రపోతుందో మీరు చూస్తూనే ఉన్నారు. తెలియక జైలుకు పోయే పిల్లగాడు కూడా మన బిడ్డే.

ఇక రెండో ప్రశ్న. సాధనాలు బళ్లో ఇవ్వాలా? ఇక్కడ మేం కొంచెం ఆగుతాం. సిగ్గుతో ఆగడం కాదు, అనుభవంతో ఆగుతున్నాం.

2009లో ఖమ్మం జిల్లాలో ఏం జరిగింది? భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అని టీకా వేశారు. పాత్ అనే విదేశీ సంస్థ, ఐసీఎంఆర్ కలిసి చేసిన పరిశీలన అది. ఎక్కువమంది ఆదివాసీ, దళిత, పేద ఇళ్ల పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాని మీద నివేదిక ఇచ్చింది. చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టలు వార్డెన్లవేనని రాసింది. ఆ టీకా మంచిది కాదని మేం అనడం లేదు. ఆ క్యాన్సర్‌ను అది ఆపుతుందని శాస్త్రం చెబుతోంది. మేం అడిగేది ఒకటే. పిల్ల ఒంటికి వార్డెన్ సంతకం ఏంది? తల్లిని అడిగారా? పిల్లకు చెప్పారా?

కుటుంబ నియంత్రణ ఇంకో పాఠం. ఎమర్జెన్సీలో పేదోళ్లను లారీల్లో ఎక్కించి ఆపరేషన్లు చేశారు. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒకే రోజు, ఒకే డాక్టరు 83 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేస్తే పదిమందికి పైగా తల్లులు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు అట్లాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపమంది. ఇవాళ్టికీ ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు నూటికి 70 మందికి, తెలంగాణలో 60 మందికి పైగా ట్యూబెక్టమీ అయిందని అదే సర్వే చెప్పింది. వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్లను మన వాడలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంటే మన ఆడవాళ్ల ఒంటి మీద కత్తి పెట్టడానికి సర్కారుకు సిగ్గు లేదు, మనకూ లేదు. పదిహేనేళ్లప్పుడు నాలుగు మాటలు చెప్పడానికే అందరికీ సిగ్గు.

కాబట్టి మా మాట ఇది. సాధనాలు వార్డెన్ చేతిలో, హెడ్మాస్టరు బీరువాలో ఉండకూడదు. పిల్ల మీద అధికారం ఉన్న మనిషి చేతి నుంచి అవి రాకూడదు. ఒకరు ఇస్తే పేరు పడుతుంది, ఇంకొకరు ఇస్తే బెదిరింపు అవుతుంది. ఇంజెక్షన్లు, ఆపరేషన్లు అయితే బడి గడప కూడా తొక్కొద్దు. కానీ నిరోధ్ అంటే ఏంటో, మాత్ర అంటే ఏంటో, మాత్ర గర్భాన్ని ఆపుతుంది గానీ రోగాన్ని ఆపదని, నిరోధ్ రెంటినీ అడ్డుకుంటుందని తొమ్మిది, పది తరగతుల్లోనే చెప్పాలి. కావాల్సినవాళ్లకు పి.హెచ్.సి.లో నర్సమ్మ దగ్గర దొరకాలి. పద్దెనిమిది నిండిన డిగ్రీ హాస్టలు పిల్లలకు ఏ ప్రశ్నా లేకుండా దొరకాలి. అంతకంటే చిన్నవాళ్లు భయంతో వచ్చి అడిగితే తిట్టి పంపకుండా కూర్చోబెట్టి, బలవంతం ఏమైనా జరిగిందా అని మెల్లగా కనుక్కుని, వైద్యం చూసే మనిషి కావాలి. 2014లో కేంద్రం పెట్టిన కిశోర ఆరోగ్య కార్యక్రమంలో ఇట్లాంటి క్లినిక్కులు ఉండాలని కాగితం మీద ఉంది. మనం అడిగేది ఆ కాగితాన్ని నేల మీదికి దించమనే.

అప్పటికే కడుపు వచ్చిన పిల్లయితే మందుల షాపులో మాత్రలు కొని మింగించకండి. ప్రాణం పోతుంది. 2021 సవరణ తర్వాత మైనరు పిల్లలకు 24 వారాల దాకా చట్టప్రకారం గర్భం తీయించుకునే వీలుంది. పెద్దాసుపత్రికే పోవాలి, తల్లి గానీ సంరక్షకులు గానీ సంతకం చేయాలి. అట్లాంటి పిల్ల కోరితే పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు డాక్టరు బయటపెట్టనక్కర్లేదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఆపదలో ఉన్న పిల్లలు 1098కి ఫోను చేయొచ్చు. ఈ నంబరు ఇవాళే మీ ఇంటి గోడ మీద బొగ్గుతోనైనా రాసుకోండి.

మా కోర్కెలు ఇవి.

1. ఆరో తరగతి నుంచే మంచి స్పర్శ, చెడు స్పర్శ, నెలసరి గురించి చెప్పాలి. ఎనిమిది నుంచి పది దాకా ఒంటి మార్పులు, గర్భం, నిరోధ సాధనాలు, రోగాలు, చట్టం చెప్పాలి. మగపిల్లలకూ ఆడపిల్లలకూ అందరికీ చెప్పాలి.

2. ఉన్న పాఠాన్ని దాటెయ్యకూడదు. ఆ పాఠం చెప్పడానికి టీచర్లకు శిక్షణ ఇవ్వాలి. నెలకోసారి నర్సమ్మ బడికి రావాలి.

3. పిల్ల ఒంటికి సంబంధించిన ఏ కాగితం మీదా వార్డెన్ సంతకం చెల్లకూడదు.

4. కడుపు వచ్చిందని ఏ పిల్లకూ టీసీ ఇవ్వకూడదు. ఇచ్చిన చోట వెనక్కి తీసుకోవాలి.

5. ప్రతి పి.హెచ్.సి.లో పిల్లలు చాటుగా మాట్లాడుకునే గది, ఆ గదిలో మనిషి ఉండాలి.

ఇవి సర్కారుకు. మనకు మనం చెప్పుకునేవి రెండే. పద్దెనిమిది నిండకుండా మన వాడలో పెళ్లి పందిరి లేవకూడదు. పిల్లల మీద జరిగిన అన్యాయానికి పంచాయితీలో రేటు కట్టకూడదు. ఈ రెండూ తప్పితే సంఘం మీ గడప ముందు కూర్చుంటుంది. మేం తప్పితే మీరు మా గడప ముందు కూర్చోండి.

వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు హెడ్మాస్టరు దగ్గరికి పోతున్నాం. తల్లులు ముందు నడవాలి. ఆ పిల్ల టీసీ వెనక్కి ఇప్పించి, ఆమెను మళ్లీ ఆ బెంచీ మీద కూర్చోబెట్టడం మన మొదటి పని. సారు దాటేసిన పాఠం ఆ పిల్ల ముందే, ఆ క్లాసులోనే చెప్పించడం రెండో పని.

జై భీమ్!